ఐమూల కొలత

మా నాన్న వడ్రంగి. తణుకు చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఆయన చేసిన ద్వారబంధాలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం అమ్మ కత్తిపీటకి ఒకపక్క చెక్క పగిలిపోయి, కింద ఇటుక ముక్క పెట్టుకుని కూరలు తరుక్కునేది. "కాస్త ఆ పీట మార్చండి" అని అమ్మ అడగడం, "ఈ తలుపుల పని అవనీ" అని నాన్న అనడం చిన్నప్పట్నించీ వింటూ పెరిగాను. తలుపుల పని ఎప్పటికీ అయ్యేది కాదు. ఒక ఇంటివి అయితే ఇంకో ఇంటివి. డబ్బులొచ్చే చెక్క ముందు, డబ్బులు రాని చెక్క తర్వాత. ఆ 'తర్వాత' ముప్పయ్యేళ్ళయినా రాలేదు.

మా ఇంట్లో పనిముట్లకి ఒక చట్టం ఉండేది. ఉలి, బాడిశ, తోపడా, బరమా - వీటిని ఆడవాళ్ళు ముట్టుకోకూడదు, దాటకూడదు. దసరాకి వాటిని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసేవాళ్ళు. పసుపు నూరేది అమ్మ. పనిముట్లకి బొట్టు పెట్టేది తమ్ముడు. వాడికప్పుడు ఏడేళ్ళు. బయట చేరిన రోజుల్లో అయితే మేం కొట్టం వైపు తొంగి కూడా చూడకూడదు.

మరి గరుకు కాగితం? దానికే మైలా లేదు. చెక్కల్ని రుద్ది రుద్ది నున్నగా చేసేది మేమే. జిగురు కలిపేది అమ్మ. పాలిషు పట్టేది అమ్మ. నాన్న కొలత తీసేటప్పుడు దారం రెండో కొస పట్టుకునేది అమ్మ. దాన్నెవరూ వడ్రంగం అనలేదు, 'సాయం' అన్నారు. "ఆచారిగారికి ఇంట్లోవాళ్ళ సాయం బాగా ఉంది" అని ఊళ్ళో మెచ్చుకునేవాళ్ళు కూడాను. ఆ మెచ్చుకోలు నాన్నకే చేరేది.

2012 ప్రాంతంలో పట్నంలో ఒకాయన సిఎన్‌సి రూటర్ పెట్టాడు. అంటే కంప్యూటర్ చెప్పిన చోటికల్లా కదిలి చెక్కని చెక్కే మిషనన్నమాట. నాన్న బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాడు. ఆ రాత్రి అన్నం దగ్గర "దానికి చెయ్యి వణకదే" అని ఒక్క మాటన్నాడు. అప్పటికి ఆయన చెయ్యి కొంచెం వణుకుతోంది. ఆ తర్వాత సింహద్వారాలు చెక్కమని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. మిషను మీద చెక్కించిన తలుపులు ట్రాక్టర్లో తెచ్చి, బిగించిపెట్టమని పిలిచేవాళ్ళు. నలభై ఏళ్ళు చెక్కిన మనిషి చివరి అయిదేళ్ళూ ఇంకెవరో చెక్కించినవి బిగిస్తూ గడిపాడు. 2017లో పోయాడు.

పనిముట్లు తమ్ముడికి వెళ్ళాయి. వాడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాటికి వాడి ఇంట్లో చోటు అటక మీద, గోనెసంచిలో. అయినా అవి కొడుక్కే చెందాలి, అది వంశం. వాడి మీద నాకు కోపం లేదు, వాడడిగి తీసుకున్నది కూడా కాదు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అమ్మ హైదరాబాదులో నా దగ్గరికొచ్చింది. ఆమె తెచ్చుకున్న సామాన్లలో పాత చీర ముక్కలో చుట్టిన కత్తిపీట కత్తి ఉంది. చెక్క చివరికి రెండుగా చీలిపోయిందట. "నిలబడి చాకుతో తరగడం నా వల్ల కాదే, ఎక్కడైనా ఒక పీట చూడు" అంది. నేను కూడా "చూద్దాంలే" అన్నాను. నాన్న మాట ఎంత తేలిగ్గా నా నోట్లోకి వచ్చేసిందో!

నేను ఒక మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. 2022లో మా అమ్మాయిలు కొందరు స్టెప్పర్ మోటార్ల మీద ప్రాజెక్టు చేశారు. పెన్ను పట్టుకుని గీతలు గీసే చిన్న బండి. వాళ్ళు మార్కులు తెచ్చుకుని వెళ్ళిపోయారు. ఆ బండి నా బుర్రలో ఉండిపోయింది. పెన్ను బదులు రూటర్ పెడితే అది నాన్న పని తీసేసిన మిషనే. అలాంటిదాన్ని మళ్ళీ నా చేత్తో ఎందుకు కట్టాలనుకున్నాను? చాలాసార్లు ఈ ప్రశ్న వేసుకున్నాను. పగ అయితే కాదు. ముట్టుకోవద్దని చిన్నప్పట్నించీ దూరంగా పెట్టిన వస్తువంటే ఉండే ఆకలేమో. చెక్కని తొలిచేది ఒక్కటైనా నా చేతుల్లో ఉండాలనుకున్నాను.

కోఠీ గుజరాతీ గల్లీలో ఆర్డునో బోర్డు, మోటార్లు, డ్రైవర్లు దొరికాయి. బోయిగూడలో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించాను. బేరింగులు, కడ్డీల కోసం రాణీగంజ్ వెళ్తే ఒక షాపులో "సార్‌తో ఒకసారి ఫోన్ చేయించండి మేడమ్, సైజు తప్పు పట్టుకెళ్తే వాపసు తీసుకోం" అన్నారు. ఏ సారు? నాకు ఏ సారూ లేడు. సంచీలోంచి వెర్నియర్ తీసి, ఆయన 16 అని ఇస్తున్న కడ్డీ మీద పెట్టి చూపించాను. 15.8 ఉంది. ఆయనేమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చాడు. అప్పుడు గెలిచినట్టే అనిపించింది గానీ, బస్సులో కూర్చున్నాక విసుగొచ్చింది. నా వెనక వచ్చిన కుర్రాడికి ఆయన మారుమాట లేకుండా కడ్డీ ఇచ్చాడు. వాడికి వెర్నియర్ అక్కర్లేకపోయింది.

మొత్తం ఖర్చు 32 వేలు దాటింది. "ఆ డబ్బుతో రెండు ఉంగరాలొచ్చేవి" అంది మా పక్కింటావిడ. నాకు నెల జీతం ఉంది కాబట్టి ఆ మాటకి నవ్వి ఊరుకున్నాను. జీతం లేని ఆడవాళ్ళు ఆ నవ్వు నవ్వలేరని నాకు తెలుసు.

మా వాటా వెనక వసారాలో బల్ల వేశాను. సూత్రం నిజానికి చాలా సులువు. బల్ల మీద ఒక వంతెన ముందుకీ వెనక్కీ జరుగుతుంది. వంతెన మీద ఒక బండి కుడికీ ఎడమకీ జరుగుతుంది. బండికి తగిలించిన రూటర్ పైకీ కిందకీ దిగుతుంది. మూడే కదలికలు. ఒక్కో కదలికకీ ఒక మరకడ్డీ, దాన్ని తిప్పే స్టెప్పర్ మోటారు. వంతెనకి మాత్రం అటొకటి, ఇటొకటి. స్టెప్పర్ మోటారు ఫ్యానులా ఊరికే తిరగదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది, ఒక చుట్టుకి 200 అడుగులు. డ్రైవర్ ఒక్కో అడుగునీ 8 ముక్కలు చేస్తే చుట్టుకి 1,600. నేను కొన్న మరకడ్డీ ఒక చుట్టు తిరిగితే బండి 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే మిల్లీమీటరుకి 200 చిన్నడుగులు. ఈ లెక్క నోట్సులో రాసుకున్న రోజు, నాన్న "వెంట్రుకవాసి తియ్యాలి" అనే మాటకి నా దగ్గర ఒక అంకె ఉందనుకున్నాను.

ఆ అడుగుల్ని లెక్కపెట్టే ప్రోగ్రాం పేరు జిఆర్‌బిఎల్. నార్వేలో సిమెన్ స్వాలె స్కోగ్‌స్రుద్ అనే ఆయన 2009లో మొదలుపెట్టాడు. తర్వాత చాలామంది చెయ్యి వేశారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. తండ్రి నించి కొడుక్కి తప్ప దాటని విద్య ఉన్న ఇంట్లోంచి వచ్చినదాన్ని, ఆ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మరీ మురిసిపోవడానికీ లేదు. 'ఎవరైనా' అనే మాట వెనక ఇంగ్లీషు చదువు, కంప్యూటరు, సాయంత్రాలు ఖాళీగా దొరకడం అన్నీ ఉన్నాయి. నాకు సాయంత్రాలు దొరికాయంటే రాత్రి వంట అమ్మ చేసింది కాబట్టి. ఈసారి దారం రెండో కొస నా కోసం పట్టుకుంది. నేనూ దాన్ని 'సాయం' అనే అనుకున్నాను, చాలాకాలం.

ఎనిమిది నెలలు పట్టింది. మొదటిసారి కరెంటు ఇస్తే కుడికి వెళ్ళాల్సిన బండి ఎడమకి వెళ్ళి గోడకి కొట్టుకుంది. మోటారు తీగల జత ఒకటి తిప్పి పెట్టాను. ఇంకోసారి వంతెనకున్న రెండు మోటార్లలో ఒకటి తిరిగి, రెండోది తిరక్క, వంతెన అడ్డంగా ఇరుక్కుపోయింది. రోజూ కాలేజీ నించి రాగానే చీర మార్చుకుని, చుడీదార్ చున్నీ తీసి మేకుకి తగిలించి, పనిలో పడేదాన్ని. తిరిగే మిషను దగ్గర చున్నీ, వదులు జడ, గాజులు ప్రాణం మీదికి తెస్తాయి. ఆ మాట పిల్లలకి చెప్పినప్పుడల్లా, మన ఒంటి మీద ఉండాలని లోకం చెప్పేవన్నీ మిషను దగ్గర పనికిరానివేనని గుర్తొస్తుంది.

చెక్క మీదికి పోయేముందు రూటర్ స్థానంలో పెన్ను కట్టి, కాగితం మీద 100 మిల్లీమీటర్ల చదరం గీయించాలి. అది అందరూ చేసే పరీక్షే. ఒక ఆదివారం మధ్యాహ్నం గీయించాను. జి-కోడ్ నాలుగు వరసలు. పెన్ను కిందకి దిగింది, కుడికి వెళ్ళింది, పైకి వెళ్ళింది, ఎడమకి, మళ్ళీ మొదటికి. మొదలైన చుక్కలోనే ఆగింది. స్కేలు పెట్టి చూశాను. నాలుగు వైపులా సరిగ్గా 100. ఆనందం పట్టలేక వంటింట్లోకి కాగితం పట్టుకుని పరిగెత్తాను.

అమ్మ చెయ్యి తుడుచుకుని కాగితం చూసింది. "వంకరగా ఉందే" అంది.

"నాలుగు పక్కలా కొలిచానమ్మా."

"పక్కలు కొలిస్తే ఏం తెలుస్తుంది? ఐమూల కొలిచావా?"

దారం తెచ్చి ఈ మూల నించి ఆ మూలకి పట్టుకుంది. గోటితో నొక్కిపెట్టి, రెండో ఐమూల మీద పెట్టింది. దారం చాల్లేదు. రెండు మిల్లీమీటర్ల పైనే తేడా. స్కేలు పెట్టాను. ఒకటి 140, ఇంకోటి 142న్నర. రెండూ 141.4 ఉండాలి. వైపులు నాలుగూ సమానమే అయినా మూల 90 డిగ్రీలు లేదు, 89 ఉంది. పైథాగరస్ సిద్ధాంతం నాకు పదో క్లాసు నించీ వచ్చు, ఏటా పిల్లలకి చెప్తాను కూడా. కొలవాలని తోచింది అమ్మకి.

"ద్వారబంధం నిలబెట్టేముందు మీ నాన్న కొలిచేది ఇదే కదే. ఐమూలలు కలవకపోతే తలుపు పట్టదు" అంది. మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వంతెన బోల్టులన్నీ వదులు చేశాం. చేశాం అని బహువచనంలోనే రాస్తున్నాను. అమ్మ దారం పట్టుకుంది, నేను స్పానర్ పట్టుకున్నాను. "ఇటు కొంచెం... ఇంకొంచెం... చాలు, బిగించు." బిగించాక మళ్ళీ గీయించాం. ఐమూలలు కలిశాయి.

ఆ రోజుల్లోనే డేవిడ్ నోబుల్ 1984లో రాసిన 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' చదివాను. ఈ యంత్రాల పుట్టుక గురించి. అమెరికాలో వైమానిక దళం డబ్బుతో ఎంఐటీ వాళ్ళు 1952లో అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని చేసి చూపించారు. దానికి ముందే ఇంకో పద్ధతి ఉండేది. పనివాడు ఒకసారి చేత్తో పని చేస్తుంటే యంత్రం ఆ కదలికల్ని టేపు మీద రికార్డు చేసుకుని, తర్వాత తనే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. అందులో విద్య పనివాడి చేతిలోనే మొదలవుతుంది. పెద్ద కంపెనీలకీ మిలిటరీకీ అంకెల పద్ధతే నచ్చడం వెనక, విద్యని పనివాడి చేతిలోంచి తీసి ఆఫీసు గదిలోకి తెచ్చుకోవాలన్న కోరిక ఉందంటాడు నోబుల్. చదువుతుంటే, పట్నం వెళ్ళి మిషను చూసొచ్చి అన్నం ముందు కూర్చున్న నాన్న కనబడ్డాడు. ఆయన చేతిలోంచి ఏం పోయిందో ఆ పుస్తకం చెప్పింది.

కానీ దారం రెండో కొస పట్టుకున్న మనిషి ఆ పుస్తకంలో నాకు కనబడలేదు. ఆమె కోసం సింథియా కాక్‌బర్న్ దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. ఆమె 'బ్రదర్స్' అనే పుస్తకం 1983లో వచ్చింది. లండన్ పత్రికల్లో అచ్చు అక్షరాలు కూర్చే మగవాళ్ళు, కంప్యూటర్లు వచ్చాక టైపు మిషను లాంటి కీబోర్డు ముందు కూర్చోవాల్సొస్తే, అది ఆడవాళ్ళ పనిలా అనిపించి చిన్నబోయారట. నైపుణ్యం అంటే చేతిలో ఉన్న విద్య ఒక్కటే కాదు, ఎవరి చేతిలో ఉంటే దాన్ని విద్య అంటారన్నది కూడా. ఇది చదివాక మా కొట్టం నాకు వేరేగా కనిపించింది. నాన్న చేతిలోంచి మిషను తీసుకున్నదానికి కనీసం ఒక పేరుంది, దాన్ని నష్టం అనగలిగాం. అమ్మ చేతిలో ఉన్నదాన్ని ఎవరూ తీసుకోలేదు. అది ఉందనే ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి.

పెన్ను తీసి రూటర్ బిగించాను. మొదటి కోత ప్లైవుడ్ తుక్కు ముక్క మీద. మరీ నెమ్మదిగా నడిపాను, జాగ్రత్త అనుకుని. పొట్టు రావాల్సిన చోట పొగ వచ్చింది. బిట్ ఒకేచోట రాపిడి పడితే చెక్క కాలుతుంది. వేగం పెంచాను. రెండో కోతలో లోతు ఎక్కువ పెట్టాను. టప్పున బిట్ విరిగి గోడకి తగిలింది. కళ్ళద్దాలు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. మూడోసారి మిల్లీమీటరు లోతున, నిమిషానికి 300 మిల్లీమీటర్ల వేగంతో పెడితే సన్నటి పొట్టు రాలుతూ గాడి నున్నగా వచ్చింది. మూతికి మాస్కు కట్టుకుని ఆ పొట్టు ఊడుస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. కలప దుమ్ము క్యాన్సర్ తెచ్చేవాటిలో ఒకటని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ జాబితాలో ఉంది. గరుకు కాగితం పట్టి రుద్దే మా అమ్మకి చీర కొంగే మాస్కు.

"ఇప్పుడు నా పీట చెయ్యి" అంది అమ్మ.

టేకు చెక్క ముక్క తెచ్చాను. కత్తి అడుగు భాగం పీటలోకి దిగడానికి 40 మిల్లీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న బెజ్జం కావాలి. బొమ్మ గీసి, కోడ్ చేసి, చెక్కని బల్లకి బిగించాను. రూటర్ అరుస్తోంది. పొరకొక మిల్లీమీటరు చొప్పున 20 పొరలు, అయిదారు నిమిషాల పని. నాన్నయితే ఒక పూటలో పీటంతా చేసేసేవాడు. నేను ఎనిమిది నెలలు మిషను కట్టి, అయిదు నిమిషాల్లో బెజ్జం తీశాను.

అమ్మ చీర ముక్క విప్పి కత్తి తీసి దింపబోయింది. దిగలేదు.

"మూలలు తియ్యలేదే ఇది."

నాకప్పుడు వెలిగింది. బిట్ గుండ్రంగా తిరుగుతుంది. 6 మిల్లీమీటర్ల బిట్ తీసిన బెజ్జంలో ప్రతి లోపలి మూలా 3 మిల్లీమీటర్ల గుండ్రం మిగుల్చుకుంటుంది. ఎంత ఖరీదైన రూటరైనా అంతే. పలక మూల దానికి రాదు. మూలలు కాస్త బయటికి తొలిచే చిట్కా ఒకటుంది, కోడ్ మార్చి చూద్దామని కంప్యూటర్ వైపు తిరిగాను.

అమ్మ లోపలికెళ్ళింది. ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో ఉలి ఉంది.

కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక పాదంతో చెక్కని అదిమిపెట్టింది. ఉలి మూలకి ఆనించి, రోకలిబండ తెమ్మంది. తెచ్చిచ్చాను. మూలకి రెండు దెబ్బలు, చెక్క తిప్పి మళ్ళీ రెండు. తొందర లేదు, తడబాటు లేదు. నాలుగు మూలలకీ నాలుగు నిమిషాలు పట్టలేదు. ఊదింది. కత్తి దింపింది. దిగి, బిగిసింది.

"ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?"

"మీ నాన్న సైకిలు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకోలేదూ? నువ్వు ఏడో క్లాసు. అప్పటికే పెద్దవీధి వాళ్ళింటి పని ఒప్పుకుని, బయానా తినేశాం. నాలుగు గుమ్మాలు, ఎనిమిది కిటికీలు. ఎవరు చేస్తారు?" అని ఉలి తుడుస్తూ చెప్పింది. "రాత్రిపూట కొట్టం తలుపు వేసుకునేవాళ్ళం. ఆయన దీపం పట్టుకుని చెప్పేవాడు. నేను కొట్టేదాన్ని. బెజ్జాలన్నీ నేను కొట్టినవే. చప్పుడేంటని అడిగితే ఎడం చేత్తో చేసుకుంటున్నాడని చెప్పేవాళ్ళం."

నాకా చప్పుడు గుర్తుంది. మా నాన్న ఎడం చేత్తో కూడా తలుపులు చేస్తాడని బళ్ళో గొప్పగా చెప్పుకున్నాను.

ఉలి పిడి మిగతావాటికంటే పొట్టిగా ఉంది. "నా చేతికి పెద్దదవుతోందని ఆయనే కోసి ఇచ్చాడు" అంది. అందుకే దాన్ని గోనెసంచిలో వెయ్యకుండా దాచుకుంది. నాన్న మీద ఏ కోపం తెచ్చుకోవాలో, ఏది మానుకోవాలో నాకింకా తెలీదు. ఆడవాళ్ళు ఉలి ముట్టుకోకూడదన్న మనిషే ఆమె చేతికి సరిపడా పిడి కోశాడు. పిడి కోసి ఇచ్చిన మనిషే, చెయ్యి బాగయ్యాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మరుసటి దసరాకి పూజలో ఆ ఉలికీ తమ్ముడే బొట్టు పెట్టాడు.

మిషను ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. మా కాలేజీ అమ్మాయిలు శనివారాలు వస్తారు. మొదటి పాఠం పెన్నూ కాగితం. చదరం గీశాక దారం తీసుకుని అమ్మ దగ్గరికి పంపిస్తాను. ఆమె ఐమూల కొలవడం చూపిస్తుంది. పిల్లలు ఆమెని "అమ్మమ్మా" అంటారు. ఒకమ్మాయి మాత్రం ఒకరోజు "మేడమ్" అంది. అమ్మ సిగ్గుపడి లోపలికెళ్ళిపోయింది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెద్దవీధిలో ఆ ఇంటి ముందు ఆగాం. ఇంటావిడ కుర్చీలు వేసి, "మీ ఆచారిగారు చేసిన గుమ్మాలు, ఇన్నేళ్ళయినా చెక్కు చెదర్లేదు" అంది. నేను అమ్మ వైపు చూశాను. చెప్తుందేమో అనుకున్నాను. అమ్మ నవ్వి కాఫీ తాగింది.

వచ్చేటప్పుడు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, తలెత్తి, ద్వారబంధం పైమూల అతుకు మీద వేలు పెట్టి చూసింది.

"కుడిపక్క బెజ్జం కాస్త వదులు పోయింది. అప్పుడే అనుకున్నాను" అంది, నాకొక్కదానికే వినబడేట్టు.